బోటుపై శాటిలైట్ యాంటెన్నా: ఎక్కడ బిగిస్తే సిగ్నల్.. ఎక్కడ బిగిస్తే దండగ? నెల్లూరు తీరంలో వేటకెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే

నెల్లూరు తీరంలో తెల్లవారుజామున రెండు బండ్లు కనిపిస్తాయి. ఒకటి ఒడ్డున చేపల కోసం ఐస్ డబ్బాలతో ఎదురుచూసే పికప్ ట్రక్కు. రెండోది ఆ చేపలు తెచ్చే బోటు. పికప్ డ్రైవర్ ఫోన్‌లో ఫుల్ సిగ్నల్ ఉంటుంది. పాటలు వింటాడు, రేటు కనుక్కుంటాడు, వాతావరణం చూసుకుంటాడు. బోటులో ఉన్నవాళ్ల ఫోన్ మాత్రం తీరం దాటి 10, 12 కిలోమీటర్లు వెళ్లేసరికి మూగబోతుంది. ఆ తర్వాత అల్పపీడనం వాయుగుండంగా మారినా, ఇంజిన్ ఆగిపోయినా, ఎవరైనా నీళ్లలో పడిపోయినా.. ఒడ్డుకు కబురు చేరే దారి లేదు.

ఆ దారి వేయడానికే బోట్లకు శాటిలైట్ ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. పరికరం ఇస్రోది. మత్స్యకారుడి నుంచి పైసా తీసుకోరు. కానీ ఇక్కడో చిక్కుంది. డబ్బా ఎంత మంచిదైనా, దాని యాంటెన్నాకు ఆకాశం కనిపించకపోతే అది బోటులో ఓ బరువు మాత్రమే. అసలు ఇదేంటి? ఎలా పనిచేస్తుంది? బోటులో ఎక్కడ బిగించాలి? ఎక్కడ బిగించకూడదు?

అసలు ఏంటీ పథకం?

దీని పేరు వెసెల్ కమ్యూనికేషన్ అండ్ సపోర్ట్ సిస్టమ్. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వచ్చింది. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ దీన్ని జాతీయ స్థాయిలో ప్రారంభించారు. ఖర్చు సుమారు 360 కోట్ల రూపాయలు. తీరప్రాంత రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 13 చోట్ల లక్ష బోట్లకు దశలవారీగా ఈ ట్రాన్స్‌పాండర్లు పెట్టాలన్నది లక్ష్యం. మెకనైజ్డ్ బోట్లకూ, మోటారు బిగించిన ఫైబర్ బోట్లకూ రెండింటికీ వర్తిస్తుంది.

పరికరం టెక్నాలజీ ఇస్రోది. బోట్లకు చేర్చే బాధ్యత దాని వాణిజ్య సంస్థ న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్‌ది. ఫోన్‌లో వాడే యాప్ పేరు నభ్‌మిత్ర. బోటుపై ఉన్న యూనిట్‌కీ ఫోన్‌కీ బ్లూటూత్‌తో లింక్ కలుస్తుంది. ఫోన్‌లో టైప్ చేసిన చిన్న మెసేజ్ యూనిట్ ద్వారా శాటిలైట్‌కు, అక్కడి నుంచి భూమి మీద ఉన్న కేంద్రానికి చేరుతుంది. ఒడ్డు నుంచి పంపే తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం అదే దారిలో వెనక్కి వస్తాయి. అంతర్జాతీయ జలాల సరిహద్దు దగ్గరపడితే అలర్ట్ కూడా ఇస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. ఇందులో వాయిస్ కాల్ ఉండదు. వాట్సాప్ రాదు. సినిమా అసలే రాదు. చిన్న చిన్న మెసేజ్‌లు, అత్యవసర సందేశం, బోటు ఉన్న చోటు.. అంతే. నడిసముద్రంలో ప్రాణం నిలబెట్టడానికి అది చాలు.

శాటిలైట్ మన తీరం నుంచే వెళ్లింది!

ఈ మెసేజ్‌లు మోసే ఉపగ్రహం జీశాట్-6. 2015 ఆగస్టు 27న జీఎస్‌ఎల్‌వీ-డీ6 రాకెట్‌పై శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2022 జిల్లాల విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, అప్పటికి అది నెల్లూరు జిల్లానే. రాకెట్ ప్రయోగం ఉందంటే ఆ రోజు సముద్రంలోకి వెళ్లొద్దని ఇక్కడి పల్లెలకు చెబుతారు. అలా వేట ఆపుకున్న ఓ రోజున వెళ్లిన ఉపగ్రహమే ఇప్పుడు వేటగాళ్ల మెసేజ్‌లు మోస్తోందన్నమాట.

జీశాట్-6 బరువు 2,117 కిలోలు. దాని అసలు ప్రత్యేకత, గొడుగులా విచ్చుకునే 6 మీటర్ల వ్యాసం ఉన్న యాంటెన్నా. ఇంత పెద్దది ఎందుకు? పైన చెవి పెద్దదైతే కింద గొంతు చిన్నగా ఉన్నా వినిపిస్తుంది. బోటుపై ఉండే పరికరం చిన్నది, బ్యాటరీ మీద నడుస్తుంది, పంపే సిగ్నల్ బలహీనం. 36 వేల కిలోమీటర్ల దూరంలో ఆ బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకోవాలంటే అంత పెద్ద యాంటెన్నా ఉండాల్సిందే.

ఇక యాంటెన్నా బిగింపుకు పనికొచ్చే లెక్క చూద్దాం. జీశాట్-6 భూమధ్యరేఖకు పైన, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటుంది. నెల్లూరు తీరం దాదాపు 80 డిగ్రీల దగ్గర ఉంది. లెక్క కడితే ఈ తీరం నుంచి శాటిలైట్ దక్షిణ దిక్కుకు కాస్త తూర్పుగా, దిగంతం నుంచి సుమారు 72 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తిన. ఢిల్లీలో ఇదే శాటిలైట్ సుమారు 56 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఈ విషయంలో మన తీరానికి అదృష్టం ఎక్కువే. అల వచ్చి బోటు 20 డిగ్రీలు పక్కకు ఒరిగినా శాటిలైట్ ఇంకా పైనే ఉంటుంది.

పికప్ మీద రేడియో యాంటెన్నా వేరు, బోటు మీద ఇది వేరు

అమెరికాలో ఉన్న మనవాళ్లకు శాటిలైట్ రేడియో కొత్త కాదు. అక్కడ కార్లు, పికప్ ట్రక్కులకు సిరియస్ ఎక్స్‌ఎం యాంటెన్నా ఉంటుంది. ట్రక్కు పైకప్పు మీద అగ్గిపెట్టెంత అయస్కాంతం యాంటెన్నా అతికిస్తారు, వైరును డోర్ రబ్బరు కింద నుంచి లోపలికి లాగుతారు. పని అయిపోయినట్టే. దాని సిగ్నల్ కూడా జీశాట్-6 లాగే ఎస్-బ్యాండ్‌లోనే వస్తుంది.

మన దగ్గర కూడా ఒకప్పుడు శాటిలైట్ రేడియో ఉండేది. వరల్డ్‌స్పేస్ గుర్తుందా? ఏఆర్ రెహమాన్ ప్రచారం చేశారు. తెలుగు పాటల కోసం స్పందన పేరుతో ప్రత్యేక ఛానెల్ ఉండేది. 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ఆ సర్వీస్ ఆగిపోయింది. ఆ రిసీవర్ ఉన్న ఇళ్లలో కిటికీ దగ్గర చిన్న పలకలాంటి యాంటెన్నా తిప్పుతూ సిగ్నల్ వెతికినవాళ్లకు, ఆకాశం కనిపించడం అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బోటు దగ్గరకు వచ్చేసరికి తేడాలు రెండు. మొదటిది, రేడియో వినడం మాత్రమే. ట్రాన్స్‌పాండర్ వింటుంది, మాట్లాడుతుంది కూడా. వినడానికి సిగ్నల్ కాస్త తక్కువైతే పాట ఆగి ఆగి వస్తుంది. మాట్లాడేటప్పుడు సిగ్నల్ తక్కువైతే ఎస్‌ఓఎస్ అసలు పైకి చేరదు. రెండోది, ట్రక్కు పైకప్పు ఇనుము. అయస్కాంతం పట్టుకుంటుంది, ఆ రేకే యాంటెన్నాకు అడుగున అద్దంలా పనిచేసి సిగ్నల్‌ను పైకి తోస్తుంది. ఫైబర్ బోటుకు ఇనుము లేదు. అయస్కాంతం పట్టదు. యూనిట్‌తో వచ్చిన బ్రాకెట్‌తో, తుప్పు పట్టని స్టీల్ బోల్టులతో బిగించాలి. కట్టుతీగ చుట్టి కానిచ్చేద్దాం అంటే రెండో అలకే ఊడొస్తుంది.

ఎక్కడ బిగించాలి?

బిగించే పని శిక్షణ ఉన్న టెక్నీషియన్‌దే. కానీ బోటు ఎవరిదో వాళ్లకు తెలిసినంతగా బోటు గురించి టెక్నీషియన్‌కు తెలియదు. వల ఎక్కడ పోస్తారు, ఎండకు టార్పాలిన్ ఎక్కడ కడతారు, తాడు ఎటు లాగుతారు.. ఇవన్నీ సరంగే చెప్పాలి. హార్బర్‌లో ఖాళీ బోటు మీద బాగానే కనిపించిన చోటు, వేటలో వలల కుప్ప కిందకు వెళ్లిపోవచ్చు.

శాటిలైట్ నడినెత్తిన ఉంది కాబట్టి, యాంటెన్నా పక్కన ఏముందనేదాని కంటే పైన ఏముందన్నదే ముఖ్యం. పక్కన సన్నటి స్తంభం ఉంటే పెద్ద నష్టం లేదు. పైన రేకు ఉంటే మాత్రం సిగ్నల్ గుండుసున్నా. మెకనైజ్డ్ బోటులో వీల్‌హౌస్ పైకప్పే మంచి చోటు. లోపల, స్టీరింగ్ పక్కన అందంగా పెట్టుకుంటామంటే కుదరదు. పైకప్పు చెక్కదో ఫైబర్‌దో అయినా సరే, తడిస్తే సిగ్నల్‌ను మింగుతుంది. తడిసిన టార్పాలిన్, దానిపైన నిలిచిన నీళ్లు కూడా అంతే. వర్షం నుంచి కాపాడదామని యూనిట్‌కు ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీద గోనె కప్పి, ఆపైన తాడు చుట్టేవాళ్లు ఉంటారు. ప్రేమ మంచిదే. కానీ తుపాను రోజున, అంటే సిగ్నల్ నిజంగా కావాల్సిన రోజున, ఆ తడి గోనె అడ్డం పడుతుంది. యూనిట్‌ను తడి తట్టుకునేలానే చేస్తారు. దానికి గొడుగు అక్కర్లేదు.

ఫైబర్ బోటుకు వీల్‌హౌస్ ఉండదు. అక్కడ కాస్త ఆలోచించాలి. అమరం వైపు ఇంజిన్, పొగ, వేడి, తాడు లాగుడు. అణియం వైపు పెడితే అల నేరుగా వచ్చి కొడుతుంది, ఒడ్డుకు లాగేటప్పుడు మనుషులు పట్టుకునేదీ అక్కడే. నెల్లూరు పట్టపుపాలేల్లో చాలా బోట్లు హార్బర్‌లో ఆగవు. మైపాడు, తుమ్మలపెంట లాంటి చోట్ల ఇసుక మీదకే లాగుతారు. ఆ లాగుడులో చెయ్యి తగిలేచోట, తాడు రాసుకునేచోట యూనిట్ ఉండకూడదు. మనిషి తలకంటే పైకి వచ్చేలా ఓ గట్టి పైపు నిలబెట్టి, దాని కొనన యూనిట్ బిగిస్తే వలకూ మనిషికీ అడ్డం రాదు. పైపు ఊగకుండా రెండు వైపులా ఆధారం ఇవ్వాలి. పైపు ఊగితే శాటిలైట్‌కు పెద్ద తేడా పడదు కానీ, బోల్టులు వదులై యూనిట్ ఏదో ఓ రోజు సముద్రంలో కలుస్తుంది.

వీహెచ్‌ఎఫ్ సెట్ యాంటెన్నా ఉంటే దాని నుంచి కనీసం మీటరు దూరం పాటించడం మంచిది. రాడార్ ఉన్న పెద్ద బోటయితే, అది తిరిగే వరుసలో యూనిట్ పెట్టొద్దు. ఇంజిన్ పొగగొట్టం దగ్గర అసలు వద్దు. మసి, వేడి రెండూ చెడుపే.

వైరు దగ్గరే అసలు కథ

ఉప్పుగాలి దెబ్బకు ముందు పోయేది వైరు, దాని కనెక్టర్లు. రాగి పచ్చబడుతుంది, ఆ తర్వాత పొడిలా రాలుతుంది. పైకి చూస్తే వైరు బాగానే ఉంటుంది, లోపల కరెంటు ఉండదు. యూనిట్‌కు వెళ్లే ప్రతి జాయింట్‌నూ రబ్బరులా సాగి తనకు తానే అతుక్కునే టేపుతో చుట్టాలి. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది.

వైరు యూనిట్‌లోకి వెళ్లే ముందు కిందికి ఓ వంపు ఇవ్వాలి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గర కిందకు కారిపోతాయి. వంపు లేకపోతే నేరుగా కనెక్టర్‌లోకే. ఇంటి కరెంటు మీటర్ దగ్గర సర్వీస్ వైరుకు లైన్‌మన్ పెట్టే వంపు లాంటిదే ఇదీ. ఒక్క రూపాయి ఖర్చు లేని పని, అయినా ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

యాంటెన్నా, యూనిట్ ఒకే డబ్బాలో ఉంటే కరెంటు వైరు ఒక్కటి లాగితే సరిపోతుంది. విడిగా ఉండే రకాల్లో యాంటెన్నా వైరు పొడవుతో జాగ్రత్త. ఈ ఫ్రీక్వెన్సీల్లో సన్నటి ఆర్‌జీ-58 రకం వైరు మూడు మీటర్లు ఉంటే దాదాపు సగం సిగ్నల్ దారిలోనే పోతుంది. మెకానిక్ షెడ్‌లో దొరికిన టీవీ కేబుల్ ముక్క అతికిస్తే ఇంకా నష్టం. కంపెనీ ఇచ్చిన వైరును కోయొద్దు, పెంచొద్దు, గట్టిగా మడవొద్దు. మిగిలిన వైరును వెడల్పాటి చుట్టగా చుట్టి కట్టేయాలి.

ఇక కరెంటు. మెకనైజ్డ్ బోటులో ఇంజిన్ బ్యాటరీ, డైనమో ఉంటాయి కాబట్టి సమస్య తక్కువ. ఒకటే రూలు. ట్రాన్స్‌పాండర్‌కు ఫ్యూజుతో సొంత లైను ఇవ్వాలి. వల దగ్గర వేసే లైట్ల లైనులోంచి జాయింట్ కొడితే, లైటు షార్టయిన రాత్రి ట్రాన్స్‌పాండర్ కూడా ఆరిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే యూనిట్ కాలిపోవచ్చు. చేత్తో తాడు లాగి స్టార్ట్ చేసే ఇంజిన్లున్న ఫైబర్ బోట్లలో చాలావాటికి బ్యాటరీయే ఉండదు. వాటికి విడిగా మూత ఉన్న బ్యాటరీ కావాలి, వీలైతే చిన్న సోలార్ ప్లేటు. బ్యాటరీని బోటు అడుగున, నీళ్లు చేరేచోట పెట్టడం అంటే మునిగేటప్పుడు మొదట ఆరిపోయేది అదే కావాలని కోరుకోవడమే.

ఒడ్డు దాటకముందే టెస్ట్

బిగించారు, లైటు వెలిగింది, అయిపోయింది అనుకుంటే పొరపాటు. లైటు వెలిగితే కరెంటు వస్తోందని అర్థం. మెసేజ్ వెళ్తోందని కాదు. వేటకు వెళ్లే ముందు ప్రతిసారీ ఒడ్డునే ఓ టెస్ట్ మెసేజ్ పంపి, అది చేరినట్టు యాప్‌లో జవాబు వచ్చేదాకా ఆగాలి. మొబైల్ డేటా ఆపేసి చేస్తే అనుమానం కూడా ఉండదు.

యాప్ డౌన్‌లోడ్, లాగిన్, బ్లూటూత్ జత.. అన్నీ ఒడ్డునే అయిపోవాలి. నడిసముద్రంలో ఇంటర్నెట్ లేదు, కొత్త ఫోన్‌కు యాప్ దిగదు. బోటులో కనీసం ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవడం మేలు. ఒక ఫోన్ తడిసినా, ఆ ఫోన్ ఉన్న మనిషే ప్రమాదంలో పడినా, ఇంకొకరి చేతిలో దారి ఉంటుంది. బ్లూటూత్ పదిమీటర్లకు మించి నమ్మలేం. ఫోన్ కోసం నీళ్లు చొరబడని పౌచ్ ఒకటి, ఛార్జింగ్‌కు ఓ పవర్ బ్యాంక్. ఎస్‌ఓఎస్ ఎలా పంపాలి, పొరపాటున నొక్కితే ఎలా రద్దు చేయాలి అన్నది సరంగుకే కాదు, కలాసీలందరికీ తెలిసి ఉండాలి. సరదాకు నొక్కి చూద్దాం అన్నది మాత్రం వద్దే వద్దు. ఒక తప్పుడు అలారానికి బయల్దేరిన గస్తీ నౌక, అదే సమయంలో నిజంగా మునుగుతున్న ఇంకో బోటుకు దూరమవుతుంది.

ఒడ్డున ఉన్న కుటుంబం గుర్తుంచుకోవాల్సిన నంబర్ 1554. అది కోస్ట్ గార్డ్ టోల్‌ఫ్రీ. కృష్ణపట్నంలో కోస్ట్ గార్డ్ స్టేషన్ కూడా ఉంది. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ఎంతమంది వెళ్లారు, ఎప్పుడు తిరిగి రావాలి.. ఇవి ఓ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి వెళ్తే, ఫోన్ చేసే మనిషి కంగారులో కూడా సరిగ్గా చెప్పగలరు.

ఇంతకుముందు ఉన్నవి ఏమయ్యాయి?

బోట్లలో శాటిలైట్ పరికరాలు ఇదే మొదలు కాదు. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ చాలా ఏళ్లుగా ఉంది. బటన్ నొక్కితే కోస్ట్ గార్డ్‌కు అలర్ట్ వెళ్తుంది. కానీ వెళ్లిందో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. చీకట్లో, అలల మధ్య, చేతిలో ఓ డబ్బా పట్టుకుని.. ఎవరైనా వస్తున్నారా లేదా తెలియకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే రెండో తరం పరికరంలో అలర్ట్ అందినట్టు జవాబు వచ్చే ఏర్పాటు చేశారు. 2024 జనవరిలో ఇస్రో దాన్ని ప్రకటించింది.

2017 చివర్లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను ముంచేసింది. అప్పటికే లోపలికి వెళ్లిపోయినవాళ్లకు హెచ్చరిక అందలేదు. ఆ దెబ్బ తర్వాత వచ్చిందే జెమిని. 2019 అక్టోబర్ 9న కేంద్రం విడుదల చేసింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే వాతావరణ, చేపల జోన్ల సమాచారాన్ని గగన్ శాటిలైట్ల ద్వారా బోటులోని ఫోన్‌కు పంపుతుంది. మంచి పరికరమే. కానీ వన్‌వే. బోటు వినగలదు, జవాబు ఇవ్వలేదు. ఇప్పటి ట్రాన్స్‌పాండర్ ఈ రెండు లోట్లనూ కలిపి తీర్చే ప్రయత్నం.

నెల్లూరుకు ఇది ఎంత అవసరమో 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను చూపించింది. చెన్నై దగ్గర నుంచి తీరం వెంబడే నెల్లూరు మీదుగా పైకి పాకి, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరానికి సమాంతరంగా వచ్చే తుపానుతో ఇబ్బంది ఏంటంటే, ఎప్పుడు ఎటు తిరుగుతుందో గంట గంటకూ అంచనా మారుతుంది. నిన్న సాయంత్రం విన్న వార్తతో ఈ రోజు నిర్ణయం తీసుకోలేం. లోపల ఉన్నవాడికి తాజా కబురు కావాలి.

అనుమానాలు కూడా ఉన్నాయి

అన్నీ బాగుంటే అందరూ పరుగెత్తుకొచ్చి బిగించుకోవాలి కదా? తీరాల్లో వినిపించే మొదటి అభ్యంతరం, బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిసిపోతుందని. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మంచి చేప పడే చోటు తాత నుంచి మనవడికి చేరే ఆస్తి. పక్క బోటుకు కూడా చెప్పరు. ఆ లెక్కలు ఎవరి స్క్రీన్ మీద కనిపిస్తాయి, ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికి ఇస్తారు అన్నవి మత్స్యకారులకు వాళ్ల భాషలో, రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత అధికారులదే.

దీనికే రెండో వైపు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటకే. మరబోట్లు ఆ గీత దాటి బయటే వల వేయాలి. బయటి రాష్ట్రాల మరబోట్లు ఒడ్డు దగ్గరకు వచ్చి తమ వలలు తెంపుకుపోతున్నాయని నెల్లూరు తీరంలో ఏళ్లుగా గొడవలు. ఎన్నోసార్లు బోట్లు పట్టుకుని కట్టేసిన సందర్భాలున్నాయి. ఎవరు ఎక్కడ ఉన్నారో రికార్డు ఉంటే ఆ పంచాయితీ మాటల మీద కాక లెక్క మీద నడుస్తుంది. కాబట్టి చిన్న బోటువాళ్లకు ఈ ట్రాకింగ్ నష్టం కంటే లాభమే ఎక్కువ చేసే అవకాశం ఉంది. అయితే బయటి బోట్లకూ ఇదే పరికరం ఉండి, అది ఆన్‌లో ఉంటేనే.

సరిహద్దు అలర్ట్ సంగతి తీసుకుంటే, నెల్లూరు ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం. పొరుగు దేశం గీత దగ్గర్లో లేదు. కానీ వలస వెళ్లే ఆంధ్రా మత్స్యకారులకు ఇది ప్రాణసమానం. 2018 నవంబర్‌లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు తెలియకుండానే గీత దాటి పాకిస్థాన్‌కు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ బయటపడలేదు. 2025లో వచ్చిన తండేల్ సినిమా ఆ కథ ఆధారంగా తీసిందే.

ఇంకో ప్రశ్న ప్రభుత్వాన్ని అడగాల్సింది. జీశాట్-6ను పంపినప్పుడు ఇస్రో చెప్పిన అంచనా ఆయుష్షు తొమ్మిదేళ్లు. దానికి తోడుగా 2018 మార్చి 29న వెళ్లిన జీశాట్-6ఏతో కొద్ది రోజుల్లోనే సంబంధాలు తెగిపోయాయి. ఉపగ్రహాలు చెప్పిన గడువు దాటి పనిచేయడం మామూలే. అయినా లక్ష బోట్ల ప్రాణాలు ఆధారపడే సర్వీసుకు పైన రెండో తోడు ఉండాలని కోరుకోవడం అత్యాశేం కాదు.

ఈ పొరపాట్లు చేయొద్దు

ట్రాన్స్‌పాండర్ వచ్చేదాకా ఆగలేక, గల్ఫ్ నుంచి తెలిసినవాళ్లతో శాటిలైట్ ఫోన్ తెప్పించుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం ఫోన్లు మన దేశంలో వాడటం, దగ్గర ఉంచుకోవడం నేరం. ప్రాణం కోసం కొన్నదే కేసు తెచ్చిపెడుతుంది.

ట్రాన్స్‌పాండర్ ఉంది కదా అని వీహెచ్‌ఎఫ్ సెట్‌ను పక్కన పడేయొద్దు. శాటిలైట్ మెసేజ్ ఒడ్డుకు చేరుతుంది, ఒడ్డు నుంచి సాయం రావడానికి గంటలు పడుతుంది. అర్ధగంటలో రాగలిగేది పక్కన ఉన్న ఇంకో బోటు. దాన్ని పిలిచేది వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెలే. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పాలా!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోటు ఒడ్డున ఉండే ఆ రెండు నెలలే యాంటెన్నా పనులకు సరైన సమయం. వలలు బాగుచేసుకునేటప్పుడే యూనిట్ పైన పేరుకున్న ఉప్పును మంచినీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. టేపు విప్పి కనెక్టర్ పచ్చబడిందేమో చూడాలి, బోల్టులు బిగించాలి, ఫ్యూజు మార్చాలి. బోటుకు కొత్తగా రంగు వేసేటప్పుడు యూనిట్ మీద కూడా బ్రష్ లాగేయకండి. కొన్ని రంగుల్లో లోహపు పొడి ఉంటుంది, అది సిగ్నల్‌కు అడ్డే.

చివరిగా, బోటు అమ్మేటప్పుడు. ట్రాన్స్‌పాండర్ ఆ బోటు రిజిస్ట్రేషన్‌తో ముడిపడి ఉంటుంది. పాత బోటు నుంచి ఊడదీసి కొత్త బోటుకు సొంతంగా బిగించుకుంటే, ఆపదలో ఎస్‌ఓఎస్ నొక్కినప్పుడు ఒడ్డున స్క్రీన్ మీద కనిపించేది పాత బోటు పేరు, పాత యజమాని ఫోన్ నంబర్. ఇంట్లో హాయిగా నిద్రపోతున్న అతనికి ఫోన్ వెళ్తుంది, అతను బాగానే ఉన్నానంటాడు. అందుకే బోటు చేతులు మారినా, యూనిట్ చోటు మారినా ముందు మత్స్యశాఖ ఆఫీసులో పేరు మార్పించుకుని, ఆ తర్వాతే వేటకు కదలాలి.